సముద్రము దాటువారికి వైద్యపరీక్ష



గోదావరి తీరమున గాని, కృష్ణ గుంటూరు మండలములలో గాని, తెలంగాణమున గాని నేడు ఒక్క బిడ్డయైనను అమెరికాకు పోని పెద్దయూరు కానరాదు. పోయిన బిడ్డలు కొన్ని సంవత్సరములకు ఆ దేశపు పౌరులగుదురు. పౌరుడై, ఇరువదియొక్క యేండ్లు నిండిన కుమారునకు గాని కుమార్తెకు గాని తల్లిదండ్రులను శాశ్వతముగా తన యొద్దకు రప్పించుకొను హక్కును ఆ దేశపు చట్టము ఇచ్చుచున్నది. కాగితములు ఒకటి వెనుక నొకటి సాగి, తుదకు ముంబయిలోని అమెరికా కాన్సులు కచ్చేరినుండి వీసా నిమిత్తము రమ్మని పిలుపు వచ్చును. దానితోపాటు, ముందుగా వైద్యపరీక్ష చేయించుకొనవలెనను ఆజ్ఞయు వచ్చును. అంతవరకు ఉత్సాహముగా నున్న పెద్దలు ఆ మాట వినగానే డీలాపడుట నేను పలుమారు చూచితిని. "నాకు చక్కెరజబ్బున్నది, నన్ను రానిత్తురా?" అని యొకరు, "గుండెలో స్టెంటు వేసియున్నారు, అది కనబడినచో త్రిప్పి పంపుదురా?" అని వేరొకరు, "నాకు చెవి వినబడదు, ప్రశ్నకు సరిగా బదులు చెప్పకున్న మతి చెడినదనుకొందురేమో" అని ఒక వృద్ధురాలు. ఈ భయములలో పెక్కు నిరాధారములు. నిజముగా జాగ్రత్తపడవలసిన చోట మాత్రము మనవారు నిర్లక్ష్యముగా నుందురు. ఆ సంగతియే నేడు మీకు విన్నవింపదలచితిని.

కొన్నిమాసములు బిడ్డలను చూచి తిరిగివచ్చుటకు పోవువారికి ఈ పరీక్ష సాధారణముగా ఉండదు. అక్కడనే కాపురముండబోవువారికి మాత్రమే ఇది విధి. అందుచేత పూర్వము రెండుమూడు పర్యాయములు అమెరికా పోయివచ్చిన పెద్దలు గూడ, "ఎన్నడును లేనిది ఇప్పుడేమి?" అని ఆశ్చర్యపడుచుందురు.

పరదేశమునకు పోవువాని నాడిచూచి పంపు ఆచారము క్రొత్తది కాదు. 1860 సంవత్సరమున మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినది. ఒడంబడిక కూలీలుగా నాతాలు దేశమునకు పోయిన మొదటివారు అందులో నుండిరి. వారిలో తెలుగువారును కలరు. ఓడ యెక్కక పూర్వము డిపోలో వైద్యుడు ఒక్కొక్కరిని చూచి, పనికి తగినవాడని సంతకము చేయవలసియుండెను. ఆ వైద్యుడు చూచినది కూలివాని కండబలము. అమెరికావారు చూచినది వేరు. 1891లో వారు చేసిన చట్టము అంటురోగము గలవారిని దేశములోనికి రానీయరాదని శాసించినది. మరుసటి యేట న్యూయార్కు రేవున ఎల్లిస్ ద్వీపమున కచ్చేరి తెరచిరి. అక్కడ వైద్యులు మెట్లయొద్ద నిలిచి, ఎక్కివచ్చువారిలో రొప్పువారెవరు, కుంటువారెవరు అని కనిపెట్టి, అనుమానము కలిగినవారి అంగీలపై సుద్దముక్కతో గురుతులు వ్రాసెడివారు. బొత్తాములు తగిలించు కొక్కెముతో కనురెప్పను వెనుకకు మడచి, కంటిలో ట్రకోమా రోగమున్నదేమో చూచెడివారు. పసిఫిక్ తీరమున ఏంజెల్ ద్వీపమందలి కచ్చేరి 1910 మొదలు 1940 వరకు నడచినది. అక్కడ మలపరీక్ష చేసి, కొంకిపురుగు కనబడినదని మన దేశస్థులను అనేకులను వెనుకకు పంపివేసిరి. సముద్రముపై వారములకొలది ప్రయాణముచేసి తీరము చూచిన తరువాత త్రిప్పి పంపబడుట యెంతటి శిక్షయో యోచింపుడు. నేడు పరీక్ష బయలుదేరకముందే మన దేశమున జరుగుచున్నది. ఈ ఒక్క విషయమున మనము ఆ కాలపువారికంటె అదృష్టవంతులము.

ఈ పరీక్షను మన యింటి వైద్యుడు చేయుటకు వీలులేదు; ఆయన యెంతటి ప్రజ్ఞావంతుడైనను ఆయన సంతకము చెల్లదు. అమెరికా ప్రభుత్వమువారు నియమించిన వైద్యులు హైదరాబాదు, చెన్నపట్టణము, ముంబయి, ఢిల్లీ మున్నగు నగరములలో కలరు. వారి యొద్దనే చేయించుకొనవలెను. ముందుగా దినము నిశ్చయించుకొని పోవలెను. రుసుము మనమే చెల్లింపవలెను. వీసా రాకపోయినను అది తిరిగి రాదు. పరీక్షాఫలము సామాన్యముగా ఆరుమాసములు చెల్లును గనుక మరీ ముందుగా చేయించుకొనుట తగదు. సమావేశమునకు రెండుదినముల ముందు పరుగెత్తుటయు తగదు. ఏల తగదో ముందు చెప్పెదను.

వైద్యుడు దేనికొఱకు వెదకునో తెలిసికొన్నచో సగము భయము తీరును. ఆ దేశపు చట్టము ప్రవేశమునకు అడ్డుగా నెంచునవి నాలుగే. మొదటిది, ఇతరులకు అంటుకొను కొన్ని రోగములు: ఊపిరితిత్తుల క్షయ, చికిత్స పొందని కుష్ఠు, సిఫిలిసు, గనేరియా ఇందులో ముఖ్యములు. ఎయిడ్సు వ్యాధికి మూలమైన హెచ్.ఐ.వి. గూడ ఒకప్పుడు ఈ పట్టికలో నుండెడిది. 2010 జనవరినుండి దానిని తీసివేసిరి. రెండవది, విధింపబడిన టీకాలు వేయించుకొనకుండుట. మూడవది, తనకు గాని పరులకు గాని హానిచేయు నడవడితో కూడిన దేహమానస వికారము. నాలుగవది, మాదకద్రవ్యములకు లోబడియుండుట. చక్కెరజబ్బు, రక్తపుపోటు, ఉబ్బసము, కీళ్లనొప్పులు, గుండెజబ్బు, కంటిశుక్లములు, చెవుడు — ఇవి యేవియు ఆ నాలుగింటిలో చేరవు. వైద్యుడు వానిని కాగితముపై వ్రాసికొనును, అంతే. మానిన కుష్ఠు మచ్చలున్నవారును వెరవనక్కరలేదు; చికిత్స పొందిన కాగితము చూపిన చాలును.

ఇక పరీక్షాదినమున ఏమి జరుగునో వినుడు. పాసుపోర్టు, కచ్చేరివారి పిలుపుకాగితము, ఛాయాచిత్రములు, పూర్వము వేయించుకొన్న టీకాల వివరము, ఇప్పుడు వాడుచున్న మందుల చీటీలు, పూర్వపు ఎక్స్-రే పటములు, ఆపరేషను జరిగియున్నచో ఆసుపత్రివారిచ్చిన కాగితములు — ఇవన్నియు ఒక సంచిలో వేసికొని పోవలెను. మందుల పేర్లు నోటరాని పెద్దలు ఆ మందుబిళ్ళల అట్టలనే తీసికొనిపోవుట మేలు. సామాన్యముగా పరగడుపున పోనక్కరలేదు. చక్కెరజబ్బు గలవారు వేళకు తిని, మాత్ర వేసికొనియే పోవలెను. ఉపవాసముండి పోయి అచ్చట కండ్లు తిరిగి పడిపోయిన పెద్దమనిషిని నేనెరుగుదును. మెడలోని గొలుసులు, తాయెత్తులు ఎక్స్-రే తీయునప్పుడు తీసివేయవలసివచ్చును గనుక స్త్రీలు నగలు ఇంటనే ఉంచి పోవుట మంచిది. మంగళసూత్రము విషయమున ముందుగానే మనస్సు సమాధానపరచుకొనవలెను. పసుపుత్రాడు మాత్రముంచుకొని లోహపు పుస్తెలను కొంచెము ప్రక్కకు తొలగించుటకు కొన్నిచోట్ల ఒప్పుకొందురు, కొన్నిచోట్ల తీయుమందురు. అది నాలుగు నిమిషముల పని.

మొదట ఎత్తు, బరువు, రక్తపుపోటు, చూపు చూతురు. రక్తము తీయుదురు; మూత్రము అడిగిన నడుగుదురు. సిఫిలిసు, గనేరియా పరీక్షలు వయస్సునుబట్టి యుండును, "ఈ వయసున మాకీ పరీక్ష యేమి?" అని కోపగించుకొనవద్దు, అది యెవరి నడవడిమీదను నిందకాదు. తరువాత వైద్యుడు గుండె, ఊపిరితిత్తులు, ఉదరము తాకియు వినియు చూచును; మెడయందు చంకలయందు గడ్డలున్నవేమో తడవును; చర్మముపై స్పర్శలేని మచ్చలున్నవేమో చూచును. ఇందుకొఱకు బట్టలు కొంతవరకు విప్పవలసివచ్చును; మర్మావయవములను గూడ పైపైన చూచుట నియమములలో కలదు. మన స్త్రీలకు ఇది మిక్కిలి బాధాకరము. అట్టి సమయమున స్త్రీ యొకతె ప్రక్కన నుండవలెనని అడుగు హక్కు వారికి కలదు. అడిగిన యెవరును తప్పుపట్టరు. ఈ మాట ముందుగా తెలియక, మా బంధువులలో నొకామె పరీక్షగదినుండి కన్నీటితో వెలుపలికి వచ్చినది. బిడ్డలు అన్ని కాగితములును నింపిపెట్టిరి గాని ఈ సంగతి తల్లికి చెప్పుటకు సిగ్గుపడిరి.

అన్నిటికంటె ముఖ్యమైనది రొమ్ముకు తీయు ఎక్స్-రే. పదునైదేండ్లు నిండిన ప్రతివారికిని అది తప్పదు. రెండేండ్లు నిండిన పసివారికి క్షయక్రిమి సోకినదో లేదో తెలుపు రక్తపరీక్ష చేయుదురు. గర్భిణులకు సీసపుతొడుగు కప్పి తీయుదురు, లేదా ప్రసవమువరకు ఆగుదురు. ఇంత పట్టుదల యేల యనగా, ప్రపంచమందలి క్షయరోగులలో సుమారు నాలుగింట నొకవంతు మన దేశముననే యున్నారు. మన పెద్దలలో బాల్యముననో యౌవనముననో ఆ క్రిమి సోకి, తెలియకయే మానిపోయినవారు లెక్కకు మిక్కిలి. మానినను దాని గురుతు ఊపిరితిత్తియందు నిలిచియుండును. గాయము మానినను మచ్చ నిలుచునట్లే యిది. ఎక్స్-రే పటమును చూచు వైద్యునకు ఆ మచ్చ ప్రాతదో క్రొత్తదో, దాని చాటున సజీవమైన క్రిమి యున్నదో లేదో ఒక్క పటముతో నిశ్చయించుట సాధ్యముకాదు. కావున కఫపరీక్షకు పంపును. జాగ్రత్తపడవలసినది ఇచ్చటనే.

ఈ విషయమున మా యింట జరిగినదే చెప్పెదను. మా అక్కగారి అనుమతి తీసికొనియే చెప్పుచున్నాను.

మా అక్కగారు 1955లో జన్మించిరి. 1971లో, పదునారేండ్ల ప్రాయమున, ఆమెకు క్షయ సోకినది. అప్పటికి మందులు వచ్చియున్నవి. మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరమువంటి చోట్లకు పోయి, మంచిగాలి పీల్చి, మంచముమీద సంవత్సరములు గడపవలసిన కాలము గతించినది. 1956లో చెన్నపట్టణమున స్థాపింపబడిన క్షయచికిత్సా కేంద్రమువారు, ఇంటనుండి మందు తీసికొన్నవారును ఆసుపత్రిలో నున్నవారివలెనే కోలుకొందురని రుజువుచేసియుండిరి. అందుచేత మా అక్కగారు ఇంటియొద్దనే యుండి పదునెనిమిది మాసములు చికిత్స పొందిరి. కొంతకాలము స్ట్రెప్టోమైసిను సూదులు, చివరివరకు మాత్రలు. నేను చిన్నవాడను, ఆమె గ్లాసు, కంచము వేరుగా దూలముమీద పెట్టియుండుట నాకు జ్ఞాపకము. రోగము పూర్తిగా కుదిరినది. కాని ఆ దినములలో క్షయ వచ్చిన పిల్లకు సంబంధము కుదురుట యనగా ఎట్టిదో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. మా తండ్రిగారు చీటీలన్నియు పొయ్యిలో వేసిరి. ఆ మాట యింట నెవరును మరల ఎత్తలేదు. ఆమెకు పెండ్లియైనది, బిడ్డలు కలిగిరి, భర్త గతించిరి. ఏబది సంవత్సరములు ఆ రహస్యము అట్లే యుండినది.

కుమారుడు అమెరికానుండి దరఖాస్తు పెట్టినాడు. కోడలు గర్భవతి, పురిటికి అత్తగారు ఉండవలెనని వారి కోరిక. వైద్యపరీక్షకు హైదరాబాదు పోవుచు బస్సులో అక్కగారు నన్ను మెల్లగా అడిగిరి: "ఏమిరా తమ్ముడూ, పెండ్లినాడు దాచిన మాట ఈ ముసలితనమున చెప్పవలెనా? రోగము పోయి ఏబదియేండ్లాయె. దగ్గైనను లేదు. అడిగిన లేదందును." ఆమెకు ఈ సలహా నిచ్చినవాడు మా పట్టణమందలి యొక దళారి. వానికి కొంత సొమ్ముగూడ ముట్టినది. పరీక్షలో ఏమియు బయటపడకుండ చూచుకొందునని వాడు మాటయిచ్చెనట. అట్లు చూచుకొను శక్తి యే దళారికిని లేదు. వైద్యుడు వ్రాసినది ఆ దళారి కంటబడనైన బడదు.

నేను రెండు కారణములు చెప్పితిని. మొదటిది, పటము అబద్ధమాడదు. రెండవది, క్షయ వచ్చి మానినదని చెప్పినవారిని ఆ దేశమువారు నిషేధింపరు. తెలిసియు అసత్యముచెప్పి వీసా పొందజూచినవారిని మాత్రము జీవితాంతము నిషేధింపవచ్చును. రోగము అడ్డుకాని చోట అబద్ధము అడ్డుగా నిలుచును. ఆమె చాలసేపు కిటికీనుండి బయటకు చూచుచు ఊరకుండిరి.

వైద్యురాలు వయస్సున చిన్నది. "అమ్మా, మీకుగాని యింట నెవరికిగాని ఎప్పుడైనను టీ.బీ. వచ్చినదా?" అని అందరి నడిగినట్లే అడిగినది. మా అక్కగారు నావైపు చూచి, "వచ్చినదమ్మా, పదునారేండ్లప్పుడు" అనిరి. ఆ వైద్యురాలు కనుబొమ్మయైనను ఎత్తలేదు. ఏ సంవత్సరము, ఎన్నినెలలు మందు తిన్నారు, సూది వేసిరా అని అడిగి వ్రాసికొన్నది. చీటీలు లేవన్నచో పరవాలేదన్నది. ఎక్స్-రేలో కుడియూపిరితిత్తి కొనయందు మచ్చ కనబడినది. ఆ మచ్చ కనబడిన తరువాత, ఆమె "లేదు" అని యుండినచో మేమెట్టి స్థితిలో నుందుమో మీరే యూహించుకొనుడు.

కఫపరీక్ష యనగా మూడు వేర్వేరు దినముల ప్రాతఃకాలమున, ఆ వైద్యశాలవారి కన్నులయెదుట కఫమును తీసి యియ్యవలెను. ఇంటనుండి సీసాలో తెచ్చిన పనికిరాదు. నోరు నీటితో పుక్కిలించి, లోపలినుండి గట్టిగా దగ్గి తీయవలెను, ఉమ్మి చాలదు. దగ్గు రానివారికి ఉప్పునీటి ఆవిరి పీల్పింతురు, అప్పుడు వచ్చును. ఆ కఫమును మొదట సూక్ష్మదర్శినిలో చూతురు. అది ఒకటి రెండు దినములలో తెలియును. పిదప దానిని క్రిమి పెరుగుటకు అనువైన పదార్థములో నుంచి కాచుకొందురు. క్షయక్రిమి మిక్కిలి మెల్లగా పెరుగును. అందుచేత "లేదు" అని నిశ్చయముగా చెప్పుటకు ఎనిమిది వారములవరకు పట్టును. సమావేశమునకు రెండుదినములముందు పోరాదని యింతకుముందు చెప్పినది ఇందుచేతనే. మా అక్కగారికి సమావేశపు తేదీ దాటిపోయినది. క్రొత్త తేదీ తీసికొనవలసివచ్చినది. ఈలోగా అచ్చట మనుమడు పుట్టినాడు. పురుడు కోడలి తల్లిగారు వచ్చి పోసిరి.

ఆ ఎనిమిది వారములలో క్రిమి పెరిగియుండినచో నేమగును? అప్పుడును తలుపు మూయబడదు. ఆ క్రిమికి ఏ మందు పనిచేయునో పరీక్షించి, నియమింపబడిన చోట, ప్రతిదినము ఒకరి కన్నుల యెదుట మాత్ర మింగునట్లుగా చికిత్స చేయుదురు. మామూలు క్షయకు ఆరుమాసములు. ముగిసిన పిమ్మట మరల కఫము చూచి పంపుదురు. మందులకు లొంగని మొండిక్షయయైనచో కాలము పెరుగును. ఆలస్యమే గాని అది నిషేధము కాదు. పైగా తెలియక లోపల పెరుగుచున్న రోగము బయటపడుట ఆ యింట నున్న పసిబిడ్డలకు రక్ష. రక్తపరీక్షలో మాత్రము క్రిమిసోకిన గురుతు కనబడి, ఎక్స్-రే శుభ్రముగా నున్నవారికి ప్రయాణమునకు అడ్డులేదు. అక్కడికి పోయిన తరువాత వైద్యులు మాట్లాడుదురు. చిన్ననాడు బీ.సీ.జీ. టీకా వేయించుకొన్నందువలన ఆ రక్తపరీక్ష తారుమారగునని కొందరు భ్రమపడుదురు. చేతిపై పొక్కువచ్చు పాతపద్ధతి పరీక్షకే ఆ దోషము, దీనికి లేదు. బీ.సీ.జీ. మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: ఆ టీకా మన దేశమున మొదట వేసిన చోట్లలో మన మదనపల్లె యొకటి, 1948లో.

టీకాల సంగతి సులభము. వయస్సునుబట్టి ఏవి కావలెనో వైద్యుడే చెప్పి అక్కడనే వేయును. పెద్దలకు సామాన్యముగా ధనుర్వాతము, కంఠసర్పి నివారించు టీకా, చలికాలపు ఇన్‌ఫ్లుయెంజా టీకా, వయస్సు మీరినవారికి న్యుమోనియా టీకా వేయుదురు. 1957కు పూర్వము జన్మించినవారికి తట్టు, గవదబిళ్ళల టీకా అక్కరలేదు; ఆ కాలమున ఆ రోగములు రానివారే లేరని వారి లెక్క. ఆటలమ్మ చిన్ననాడు పోసియున్నచో ఆ మాట చెప్పవలెను, దాని టీకా తప్పును. పలుమోతాదుల టీకాలలో ఒక్కొక్క మోతాదు వేయించుకొన్న చాలును, మిగిలినవి అక్కడ వేయించుకొనవచ్చును. కొవిడ్ టీకాను 2021లో చేర్చిరి, 2025లో తీసివేసిరి. ఏదైన టీకా మీ దేహమునకు పడదని వైద్యుడు తలచినచో మినహాయింపు వ్రాయును.

మనస్సును గూర్చిన ప్రశ్నలును ఉండును. నిద్రపట్టునా, దిగులుండునా, ఎప్పుడైన ఆత్మహత్యాయత్నము చేసితిరా, త్రాగుడు కలదా, త్రాగి బండి నడిపి పట్టుబడితిరా అని అడుగుదురు. భర్త పోయిన దుఃఖమున నిద్రమాత్రలు వాడిన వృద్ధురాలిని ఎవరును ఆపరు. మందుచీటీ చూపిన చాలును. చుట్ట, తాంబూలము, నస్యము ఈ పట్టికలో లేవు. గంజాయి, నల్లమందు కలవు. కీళ్లనొప్పులకని వాడుకగా నల్లమందు గురిగింజంత వేసికొను ముసలివారు ఇంకను అక్కడక్కడ ఉన్నారు. వారు మాత్రము ముందుగానే మంచి వైద్యుని సలహాతో మానుకొనవలెను. మొదట చెప్పిన చెవిటి వృద్ధురాలు ఇంట వినికిడి యంత్రమును పెట్టెలో దాచుకొనియున్నది. దానిని పెట్టుకొని పోయినది, సమాధానములు చెప్పి వచ్చినది.

ఇచ్చట ఒక సందేహము తీర్పవలసియున్నది. చక్కెరజబ్బు అడ్డుకాదంటిని. రోగముగా అడ్డుకాదు, నిజమే. కాని వీసా నిచ్చుట వైద్యుని పనికాదు. ఆయన చూచినది వ్రాసి పంపును, నిర్ణయించువాడు కాన్సులు. ఈయన తమ దేశమునకు భారముగా పరిణమించునా అని విచారించు అధికారము కాన్సులునకు కలదు. 2025 నవంబరులో ఆ దేశపు విదేశాంగశాఖవారు చక్కెరజబ్బు, హృద్రోగము, స్థూలకాయము వంటివానికగు ఖర్చునుగూడ ఈ విచారణలో చూడవలెనని తమ అధికారులకు సూచన పంపినట్లు పత్రికలలో వచ్చినది. కావున కుమారుడిచ్చు పోషణపూచీపత్రము, ఆతని రాబడి కాగితములు బలముగా నుండవలెను. ఆరోగ్యబీమా యెట్లు చేయింతురో ముందే నిశ్చయించుకొనవలెను. వృద్ధులకు ఆ ప్రభుత్వమువారు నడుపు వైద్యబీమాలో క్రొత్తగా పోయిన తల్లిదండ్రులు చేరుటకు అచ్చట అయిదేండ్లు స్థిరనివాసము గడవవలెను. ఈ లెక్కను బిడ్డలతో కూర్చుండి మాట్లాడుటకు మన పెద్దలు మొగమాటపడుదురు. నా అభిప్రాయమున అది వైద్యపరీక్షకంటె ముందు జరుగవలసిన సంభాషణ.

గల్ఫు దేశములకు పనికై పోవువారి పరీక్షతో దీనిని కలపవద్దు. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండి పోవు యువకులకు ఆ దేశములవారు విధించు పరీక్ష వేరు. అచ్చట హెచ్.ఐ.వి., కామెర్లకు మూలమైన హెపటైటిస్ బీ, సీ క్రిములు కనబడినను తగడని వ్రాయుదురు. రొమ్ముమీది ప్రాతమచ్చ గూడ అడ్డుపడవచ్చును. "మా వానికి మచ్చవలన దుబాయి పోయినది, మీకును అంతే" అని మా అక్కగారిని భయపెట్టిన పొరుగువారు ఉండిరి. ఏ దేశము నియమము ఆ దేశముదే.

పరీక్షలు ముగిసిన పిమ్మట ఫలితమును కొన్నిచోట్ల కంప్యూటరుద్వారా నేరుగా కాన్సులు కచ్చేరికి పంపుదురు. కొన్నిచోట్ల మూసి ముద్రవేసిన కవరు మన చేతికిత్తురు. ఆ కవరును విప్పరాదు. కుతూహలముచేత విప్పినచో చెల్లదు. ఎక్స్-రే పటము బిళ్ళగా నిచ్చినచో దానిని పెట్టెలో అడుగున వేయక చేతిసంచిలో నుంచుకొనవలెను.

మా అక్కగారి కఫములో క్రిమి పెరుగలేదు. ఆమెవంటివారి పరీక్ష మూడుమాసములే చెల్లును గనుక ఆ గడువులోపలనే సమావేశమునకు పోయి, వీసా పొంది, ప్రయాణమైరి. బయలుదేరుటకు పూర్వము ఒకనాటి రాత్రి కుమారునకు ఫోనులో అంతయు చెప్పిరి. ఆతడు కొంచెముసేపు మాటలాడక, "నాన్నగారికి తెలియునా అమ్మా?" అని అడిగెను. "పెండ్లియైన మూడవయేట నేనే చెప్పితిని. ఎవ్వరికిని చెప్పవద్దని ఆయనయే అనిరి" అని ఆమె బదులు చెప్పుట ప్రక్కనున్న నేను వింటిని. నాకును అది క్రొత్తసంగతియే.

అక్కడికి చేరిన కొన్ని వారములకు ఆ యూరి ఆరోగ్యశాఖవారు ఆమెను పిలిచి, హైదరాబాదులో తీసిన పటమును, క్రొత్తగా తీసినదానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచి, మచ్చలో మార్పులేదని కాగితమిచ్చిరి. మనుమని అన్నప్రాశనము ఆ వారముననే జరిగినది.